ఏడు కిలోల సంచితో ఓడ ప్రయాణం

ప్రయాణమంటే సామాను అనే భావం మన తెలుగువారి మనసుల్లో ఏనాటి నుండో స్థిరపడి ఉన్నది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణం నుండి కాశీయాత్రకు బయలుదేరినప్పుడు సుమారు నూరుమంది పరివారం, గుడారాలు వారి వెంట నడిచాయి. వారు తిరిగి ఇల్లు చేరినది 1831 సెప్టెంబరు 3న. పదిహేను నెలలు దాటిన యాత్ర గనుక ఆ సంరంభాన్ని అర్థం చేసుకోవచ్చు. పదిహేను రోజుల వేసవి సెలవులకు స్వగ్రామం వెళ్ళే భిలాయి తెలుగు కుటుంబాలు సైతం ఆ సంప్రదాయాన్ని ఇంచుమించు అదే శ్రద్ధతో కొనసాగించడం మాత్రం ఆశ్చర్యమే.

రాయపూర్–విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తయినది. మన సెక్టార్లలో నివసించే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలవారి రాకపోకలన్నీ ఆ దారినే. 1990 ప్రాంతపు ప్రయాణాలు మాకు బాగా జ్ఞాపకం. ఒక హోల్డాలు, రెండు రేకు పెట్టెలు, మంచినీళ్ళ కూజా, మరచెంబు, పిల్లల పాలసీసాల బుట్ట, పులిహోర డబ్బా, వీటికి తోడు ఊళ్ళో బంధువులకు ఇచ్చేందుకు సివిక్ సెంటర్‌లో కొన్న బట్టలు. తిరుగు ప్రయాణంలో బరువు తగ్గాలి కదా అనుకుంటే పొరపాటు. ఆవకాయ జాడీ, తాటితాండ్ర, జీడిపప్పు, అరబస్తా బియ్యం వచ్చి చేరేవి. జాడీ మూతికి గుడ్డ కట్టి, ఆ జాడీని ఒళ్ళో పెట్టుకొని రాత్రంతా మేలుకొని కూర్చున్న తల్లులను మేము ఎరుగుదుము. ఆ కష్టానికి ఫలితం ఏడాది పొడుగునా కంచంలో కనిపించేది కనుక దానిని వృథా శ్రమ అనడానికి మాకు నోరు రాదు.

ఈ నేపథ్యం కలిగిన మేము ఇద్దరము, అనగా మేమూ మా శ్రీమతీ, 2023 శీతకాలంలో ముంబయి నుండి లక్షద్వీపాలకు నాలుగు రాత్రుల ఓడ విహారానికి వెళ్ళినప్పుడు, తలకొక చేతిసంచి తప్ప మరేమీ తీసుకుపోరాదని నిశ్చయించుకొన్నాము. సహోద్యోగులలో కొందరు దీనిని పిసినారితనంగాను, మరికొందరు వైరాగ్యంగాను భావించారు. రెండూ కావు.

అసలు కారణం మందు. మా శ్రీమతి పన్నెండేళ్ళుగా మధుమేహానికి ఇన్సులిన్ తీసుకుంటున్నది. ఇన్సులిన్‌కు ఎండ ఎంత శత్రువో గడ్డకట్టే చలి అంతకంటె శత్రువు. ఒకసారి గడ్డకట్టినది కరిగిన తరువాత చూపుకు మామూలుగానే కనిపించవచ్చు గాని, దాని గుణాన్ని నమ్మరాదు. విమానపు అడుగు అరలో వేసే పెట్టెలకు ఆ చలి తగిలే అవకాశం ఉన్నది గనుక దానిని చేతిసంచిలోనే ఉంచుకోవాలని వైద్యులు చెపుతారు. ఓడ సంగతి వేరు. రేవులో అప్పగించిన పెట్టెకు చీటీ కట్టి, తనిఖీ చేసి, వందలాది ఇతర పెట్టెలతో కలిపి పైకి చేర్చి, ఒక్కొక్క గది ముందు ఉంచుతారు. ఇందుకు కొన్ని గంటలు పట్టడం సహజం, అందులో ఎవరి లోపమూ లేదు. అయితే సూది వేళ ఆ గంటల కోసం ఆగదు.

మా మిత్రులొకరు కుమారుని వద్దకు విదేశానికి వెళ్ళి, అక్కడ ఇటువంటి ఓడే ఎక్కారు. విమానంలో వేసిన పెట్టె వారితోపాటు దిగలేదు. రైలు తప్పితే తరువాతి రైలున్నది. పెట్టె రాలేదని ఓడ ఆగదు, నడిసముద్రంలో పెట్టెను అందించేవారూ ఉండరు. వారి రక్తపోటు మాత్రలు ఆ పెట్టెలోనే ఉండిపోయాయి. ఓడలోని వైద్యుని పుణ్యమా అని గండం గడిచినది గాని, వారమంతా సముద్రాన్ని చూసిన దానికంటె పెట్టెను తలచుకొన్నదే ఎక్కువ అని వారే నవ్వుతూ చెప్పారు. ఆ నవ్వు వెనుక భయం మాకు తెలుస్తూనే ఉన్నది.

ఇక లెక్కలోకి వద్దాము. పోయేటప్పుడు దుర్గ్ నుండి గీతాంజలి ఎక్స్‌ప్రెస్, మధ్యన ఓడ, వచ్చేటప్పుడు ముంబయి నుండి రాయపూర్‌కు విమానం. రైలులో ద్వితీయ శ్రేణి ఏ.సి. ప్రయాణికునికి 50 కిలోలు ఉచితం. ఓడవారు ఉదారులు. విమానంలో చేతిసంచికి సాధారణంగా 7 కిలోలే. బ్లాస్ట్ ఫర్నేస్ ఎంత లోహం ఇచ్చినా, రోలింగ్ మిల్లు ఎంత తీసుకోగలదో ప్లేటు అంతే బయటకు వస్తుందని మన కర్మాగారంలో అందరికీ తెలుసు. కనుక ప్రయాణమంతటికీ పరిమితి ఏడే. విమానం అడుగున 15 కిలోల పెట్టె వేసుకోవచ్చు గదా అని మా అబ్బాయి ఫోనులో అడిగాడు. పెద్ద పెట్టె అంటూ ఒకటి ఇంట్లో తెరిచి ఉంచిన తరువాత దానిని నింపకుండా ఉండడం మానవమాత్రులకు సాధ్యం కాదు.

మొదట తూచినది ఖాళీ సంచిని. చక్రాలు, పిడి ఉన్న మా పాత సంచి ఒట్టిదే 2,600 గ్రాములు తూగినది. మన సైడింగ్‌లో కనిపించే బాక్స్‌ఎన్ వ్యాగను ఖాళీ బరువు సుమారు 22 టన్నులు, అది మోసేది సుమారు 58 టన్నులు. మొత్తంలో నాలుగవ వంతు కంటె కొద్దిగా ఎక్కువ సొంత బరువన్నమాట. మా సంచి ఏడులో రెండున్నర దాటి తనకే ఉంచుకుంటున్నది. అనగా వ్యాగను కంటె నాసి. దానిని అటక ఎక్కించి 900 గ్రాముల గుడ్డసంచులు రెండు కొన్నాము. చక్రాలు లేనందున భుజాన వేసుకోవాలి. ఏడు కిలోలు యాభై దాటిన భుజం కూడా మోయగలదు.

మందుల విషయంలో మేము పంపుహౌస్ పద్ధతి పాటించాము. ఒక పంపు నడుస్తుండగా రెండవది సిద్ధంగా ఉండాలి. ఇన్సులిన్ పెన్నులు, సూదులు, మాత్రలు రెండు సమాన భాగాలు చేసి చెరొక సంచిలో ఉంచాము. ఒక సంచి పోయినా రెండవది నడిపిస్తుంది. నీటిలో తడిపితే గంటల తరబడి చల్లగా ఉండే చిన్న గుడ్డసంచి ఒకటి, వైద్యుని చీటీ, గ్లూకోమీటరు, చక్కెర ఒక్కసారిగా పడిపోతే నోట్లో వేసుకొనేందుకు గ్లూకోజు. ఇవన్నీ కలిపి 1,100 గ్రాములు. ఈ పద్దులో ఒక్క గ్రాము కూడా తగ్గించే ప్రయత్నం చేయలేదు.

తగ్గించవలసినది బట్టలలో. ఓడలో ఒక రాత్రి విందుకు పద్ధతైన దుస్తులు ధరించాలని ముందే తెలియజేశారు. కంచి పట్టుచీర వంటింటి త్రాసుపై 850 గ్రాములు చూపినది. ఇక్కడ మా ఇంజనీరింగుకు పని లేకపోయినది. మా శ్రీమతి బీరువా నుండి ఉప్పాడ చీర తీసి ఏమీ మాట్లాడకుండా త్రాసుపై పెట్టినది. అది కంచి చీరలో సగం కూడా తూగలేదు. మగ్గం ముందు కూర్చున్న ఉప్పాడ నేతగానికి విమాన సంస్థల నిబంధనలు తెలియవు గాని, అతని పని మాకు బాగా అక్కరకు వచ్చినది. మిగిలినవి రాత్రి ఉతికితే తెల్లవారేసరికి ఆరే రకం చీరలు మూడు. మాకు రెండు ప్యాంట్లు, మూడు చొక్కాలు. బరువైన బూట్లు కాళ్ళకు తొడుక్కున్నాము. తువ్వాళ్ళు, దుప్పట్లు ఓడలోనే ఇస్తారు. ఇస్త్రీపెట్టె, నీళ్ళు కాచే కెటిల్ వంటివి గదిలోకి రానీయరు. నడిసముద్రంలో నిప్పు అంటుకుంటే పరుగెత్తడానికి చోటు లేదు. ఫర్నేసుల దగ్గర పనిచేసే మనకు ఈ నిబంధనను ఎవరూ వివరించనక్కరలేదు.

ఇంటి వంటలకు ఓడలోకి ప్రవేశం లేదు. నూనె తేలే ఊరగాయ విమానం తనిఖీ దాటుతుందని ధైర్యం చెప్పగలవారు లేరు. అందువల్ల ఆవకాయ లేని ప్రయాణం మా జీవితంలో ఇదే మొదటిది. పులిహోర మాత్రం ఆకులో కట్టుకొని రైలులోనే తినివేశాము. అది లెక్కలోకి రాదు.

మేము ఎక్కిన ఎంప్రెస్ అనే ఓడ 1990లో ఫ్రాన్సులోని సెయింట్ నజేర్‌లో తయారైనది. దాని పరిమాణం 48,563 గ్రాస్ టన్నులు అన్నప్పుడు అది ఓడ బరువని చాలామంది అనుకొంటారు. కాదు, అది ఓడలోని చోటుకు కొలత. బరువు హద్దును తెలిపేది వేరే, ఓడ ప్రక్కన నీటిమట్టం దగ్గర చెక్కిన గీత. పూర్వం లాభాపేక్షతో ఓడలను అతిగా నింపి పంపగా, ఎందరో నావికులు మునిగిపోయేవారు. బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడైన శామ్యూల్ ప్లింసోల్ ఏళ్ళ తరబడి పోరాడిన ఫలితంగా 1876లో ఆ గీత చట్టబద్ధమైనది. సంచి కొనేటప్పుడు పొడవు వెడల్పులు మాత్రమే చూసేవారికి ఈ రెండు కొలతల భేదం విమానాశ్రయంలో త్రాసు ముందు తెలిసివస్తుంది.

బల్లార్డ్ పియర్ వద్ద జనం పెట్టెలు అప్పగించే వరుసలో నిలిచి ఉండగా, మేము భుజాన సంచులతో నేరుగా లోపలికి నడిచాము. గది చిన్నది. గోడలు ఉక్కువి. ప్లేట్ మిల్లు మనిషికి గోడను గోటితో తట్టి చూడడం అలవాటు. ఇంటి నుండి తెచ్చిన నాలుగు చిన్న అయస్కాంతపు కొక్కేలు గోడను పట్టుకొని నిలిచాయి. వాటికి తాడు కట్టి ఉతికిన బట్టలు ఆరవేసుకొన్నాము. సంచులను మంచం క్రిందికి త్రోయగా గదిలో ఇద్దరు నడవడానికి చోటు మిగిలినది. ఎదుటి గదిలోని కుటుంబం మూడు పెద్ద పెట్టెలను రోజుకు నాలుగుమార్లు అటూ ఇటూ జరుపుకొనేవారు.

రాత్రివేళ డెక్ మీద నిలబడితే చుట్టూ చీకటి, క్రింద నీటి చప్పుడు. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళంలో చేరిన విక్రాంత్‌కు మన సంస్థ సుమారు 30,000 టన్నుల ప్రత్యేక ఉక్కు అందించిన సంగతి, అందులో భిలాయి, బొకారో, రూర్కెలా ప్లేట్లు ఉన్న సంగతి గుర్తుకు వచ్చి కొంత గర్వించాము. తరువాత తలపులోకి వచ్చినవారు మా తాతగారు. ఆ రోజుల్లో ఉత్తరాంధ్ర రేవుల నుండి వేలాదిమంది స్టీమర్లలో రంగం వెళ్ళేవారు. రంగూనును మనవారు అలా అనేవారు. ఆయన డెక్ ప్రయాణికుడై ఒక రేకు పెట్టెతో విశాఖలో ఎక్కారట. 1941 డిసెంబరు 23న రంగూనుపై జపానువారు బాంబులు వేసిన పిమ్మట లక్షలాది భారతీయులు కట్టుబట్టలతో స్వదేశానికి బయలుదేరారు. వారిలో ఎందరో కొండలు, అడవులు దాటి నడిచారు, ఎందరో దారిలోనే పోయారు. మా తాతగారు ఇల్లు చేరేసరికి చేతిలో ఉన్నది ఒక ఇత్తడి చెంబు. పెట్టెలో ఏమేమి ఉండేవో, దేనిని ఎక్కడ విడిచారో ఆయన ఎన్నడూ చెప్పలేదు. చెంబు మా ఇంట్లోనే ఉన్నది. సరదాకు సంచి తూచుకొనే మేము ఆ ప్రయాణంతో దీనిని పోల్చడానికి సాహసించము. సముద్రం ఒకటే అయినందున తోచినది, అంతే.

అగత్తి దగ్గర పెద్ద ఓడ ఒడ్డుకు చేరలేదు. చిన్న పడవలలోకి దిగాలి. అలకు పడవ లేచి పడుతున్నప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండడం ఎంత అవసరమో అక్కడ చూశాము. ఆ నీటి రంగును వర్ణించే శక్తి మాకు లేదు. మా శ్రీమతి చక్కెర ఆ మధ్యాహ్నం 68కి దిగినది. గ్లూకోజు నడుముకు కట్టిన సంచిలో ఉన్నది. పావుగంట కొబ్బరిచెట్టు నీడన కూర్చొని తేరుకొన్నది.

చివరి రాత్రి పెట్టెలు సర్ది గది బయట పెట్టమన్నారు. తెల్లవారి వాటిని రేవులో వెదకి తీసుకోవాలి. మాకు ఆ పని లేదు గనుక ముందుగానే దిగి ఉపాహారం ఊరిలో తిన్నాము. విమానాశ్రయంలో మా సంచి 6,300, ఆమెది 6,800. గవ్వలు కొన్నందువలన ఆమెది పెరిగినది. ఇంటికి వచ్చి చూస్తే, ఇంత తూచి తీసుకుపోయిన వాటిలో కూడా ఒక చొక్కా, ఒక పుస్తకం, గొడుగు వాడనేలేదు.

ఆ త్రాసు వంటింటి గట్టుమీదనే ఉండిపోయినది. దానికి కారణం ఉన్నది. వచ్చే సంవత్సరం మా పదవీ విరమణ. ఈ క్వార్టరులో ముప్పైరెండేళ్ళు కాపురమున్నాము. విశాఖలో తీసుకొన్న ఫ్లాటు రెండు గదులది. పిల్లలు వారి పుస్తకాలను, కప్పులను ఫోటో తీసి పంపితే చాలునన్నారు. వారి సమాధానం మా శ్రీమతికి నచ్చలేదు. ఆదివారాలు ఒక్కొక్క అటక దించుతున్నాము. రంగం చెంబు 420 గ్రాములు, వెంట వస్తుంది. రష్యను నిపుణుడొకరు మా మామగారికి ఇచ్చిన సమోవారు నాలుగు కిలోలు, అది కూడా వస్తుంది. ఇక మా అమ్మగారి గంగాళం ఉన్నది. వంటింటి త్రాసు దానికి చాలక, ప్రక్క క్వార్టరువారి వద్ద కాటా తెచ్చి తూచాము. పదకొండు కిలోలు. అందులో నీళ్ళు కాచి మా పిల్లలిద్దరికీ తొలిస్నానం చేయించినది మా అమ్మగారే. గత మూడు వారాలుగా అది వరండాలోనే ఉన్నది. లోపలికి తెమ్మని గాని, ఎవరికైనా ఇమ్మని గాని మా శ్రీమతి ఇంతవరకు చెప్పలేదు, మేమూ అడగలేదు.