గిన్నె కోళ్ళు, పక్కింటి అక్క

మొన్న ఒక చెల్లి అడిగింది, "అక్కా, పెరట్లో గిన్నె కోళ్ళు పెంచుకోవచ్చా, కూరగాయలు పాడుచేస్తాయా?" అని. ఒక్క మాటలో చెప్పలేకపోయాను. కూరగాయల సంగతి చెప్పడం తేలికే. అవి తెచ్చిన తగువు గురించి చెప్పాలంటేనే కొంచెం సిగ్గు.

మాది మైపాడు దగ్గర పల్లె. రాత్రి అన్నీ సద్దుమణిగాక సముద్రం హోరు వినిపిస్తుంది. ఇంటి చుట్టూ ఇసుక నేల, వెనకాల సరుగుడు తోట, అది దాటితే రొయ్యల గుంటలు. ఆ ఇసుకలోనే పశువుల ఎరువు పోసి పోసి మా అత్తమ్మ వంగ, బెండ, గోరుచిక్కుడు, గోంగూర వేస్తుంది. సొర పందిరి మాత్రం నాది. 2023 ఎండాకాలంలో ఆ పందిరి కింద రక్తపింజర కనబడింది. మా ఆయన రాత్రుళ్ళు గుంటల దగ్గరే ఉంటారు. ఇంట్లో నేను, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. ఆ తర్వాత కాయ కోయాలన్నా కర్రతో నేల కొట్టుకుంటూ వెళ్ళేదాన్ని. అది చూసి ఆయన జూన్‌లో ఎనిమిది గిన్నె కోడి పిల్లల్ని గంపలో పెట్టుకుని తెచ్చారు.

రెండు మొదటి వారమే పోయాయి. ఒకటి నీళ్ళ పళ్ళెంలో పడి, ఒకటి వానకి తడిసి. ఈ పిల్లలకి తడే శత్రువు. పళ్ళెంలో గులకరాళ్ళు వేసి నీళ్ళు పోయాలని అప్పుడు తెలిసింది. మిగిలిన ఆరూ నిలబడ్డాయి. పెద్దయ్యాక చూడాలి వాటి అందం! బూడిద రంగు ఒంటి మీద ఎవరో ఓపిగ్గా ముగ్గు చుక్కలు పెట్టినట్టు ఉంటాయి. తల మాత్రం బోడి, నెత్తిన చిన్న కొమ్ము. ఎక్కడి ఆఫ్రికా పక్షులు, మా ఇసుకలో పుట్టి పెరిగినట్టు తిరుగుతాయి.

ఇక తోట సంగతి. నాటుకోడి లాగా కాళ్ళతో మడులు గీకి పారెయ్యవు. మిడతలు, చెదలు, దోస ఆకుల్ని జల్లెడ చేసే ఎర్ర పెంకు పురుగులు, అన్నీ వరసగా ఏరుకుంటూ పోతాయి. వంకాయ లోపల దూరిన పురుగుని మాత్రం ఏమీ చెయ్యలేవు, అది మన ఖర్మే. లేత నారు కనబడితే పొడుస్తాయి. పొడి ఇసుకలో పొర్లడం వాటికి పిచ్చి, అత్తమ్మ తోటకూర విత్తనాలు చల్లిన మడిలోనే పొర్లాయి రెండుసార్లు. నారు పోసినప్పుడు ముళ్ళకంప కప్పుకుంటే సరిపోతుంది. పాముల్ని తినేస్తాయని అంటారు, నేనైతే చూడలేదు. చుట్టూ మూగి ఊరంతా లేచేట్టు అరుస్తాయి, అది చూశాను. నాకు కావలసిందీ అంతే.

ఆ అరుపే మా కొంప ముంచింది. పెట్ట గొంతు రెండు ముక్కలుగా వస్తుంది. "రావే, రావే అంటా ఉంది చూడు" అని అత్తమ్మ నవ్వేది. పుంజు ఒకటే కీచు, ఆపకుండా. రాత్రి గూట్లోకి రమ్మంటే రావు, వేప చెట్టెక్కుతాయి. డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకి కూడా దిగలేదు. గాలికి కొమ్మ ఊగుతుంటే గోళ్ళతో పట్టుకుని రాత్రంతా అలాగే తడిశాయి. ఆ కొమ్మ ఉన్నది పక్కింటి అక్క రేకుల మీద.

ఆ అక్క గురించి చెప్పాలి. నా రెండో కాన్పుకి మా అమ్మ రాలేకపోతే నలభై రోజులు నాకు పథ్యం వండి పెట్టిన మనిషి. పదేళ్ళుగా మా వంకాయలు అటు, వాళ్ళ మామిడికాయలు ఇటు.

2024 ఫిబ్రవరిలో మన జిల్లాలో చాటగుట్ల, గుమ్మళ్ళదిబ్బల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. చికెన్ షాపులు మూయించారు. ఇంటింటా అదే మాట. వాళ్ళబ్బాయికి ఇంటర్ పరీక్షలు ముంచుకొస్తున్నాయి. ఒకరోజు పొద్దున్నే అక్క కంచె దగ్గరికి వచ్చి, "మే, ఇంకా ఎన్నాళ్ళు పెట్టుకుంటావు ఈటిని? పిలకాయ చదువుకోలేక పోతా ఉండాడు. పైగా రోగం కూడా తెస్తారా మా మీదికి?" అంది.

నేను ఊరుకుని ఉండాల్సింది. "మీ కుక్క అరిస్తే మేం అడిగామా" అన్నాను. ఇంకా ఏదేదో అన్నాను, ఇక్కడ రాయలేను. అత్తమ్మ లోపల్నించి "అమ్మాయ్, చాలు" అంటూనే ఉంది.

అంతే. మాటలు ఆగిపోయాయి. ఉగాది పచ్చడి ఇటు రాలేదు, అటు పోలేదు. వేప కొమ్మ కొట్టించేశాను, కోళ్ళు పక్క కొమ్మకి మారాయి. బెండకాయలు ముదిరిపోతున్నా అటు అందించడానికి చెయ్యి రాలేదు.

ఏప్రిల్లో రెండు పెట్టలు పొద్దున పూట మాయమవడం మొదలైంది. గిన్నె కోడి గూట్లో గుడ్డు పెట్టదు, ఎక్కడో పొద చూసుకుంటుంది, రెండు మూడు పెట్టలు ఒకే గుంటలో పెడతాయి. అత్తమ్మ ఒకరోజు వెనకాలే పోయి, తిరిగొచ్చి, "అక్క వాళ్ళ కంచె అవతల, సరుగుడు ఆకు కుప్పలో ఉండాయి. నువ్వే పొయ్యి అడుగు" అని కూర్చుంది. కావాలనే నన్ను పంపింది.

వెళ్ళేసరికి అక్క పెరట్లోనే ఉంది. గుంట మీద ఎండ పడకుండా ఒక రేకు ముక్క ఆనించి ఉంది. "రెండు వారాల్నించి చూస్తా ఉండా. కుక్కని పొద్దున పూట కట్టేస్తా ఉండా" అంది, నా వైపు చూడకుండా. ఇరవై రెండు గుడ్లు. పెంకు ఎంత గట్టివో! ఒక్కటీ చిట్లలేదు.

"నా కోళ్ళకి యాడ తగులుతుందో అని భయపడ్డా, మే. పోయిన వానల్లో సగం పొయ్యాయి కదా" అంది కాసేపాగి. ఆమెకీ నాటుకోళ్ళు ఉన్నాయన్న సంగతే ఆ రోజు నాకు తోచలేదు. "నేను అట్టా అనకుండా ఉండాల్సింది అక్కా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. లోపలికి పోయి గంప తెచ్చింది.

మా ఇంట్లో పొదుగు మీదున్న కోడి లేదు, వాళ్ళ ఎర్ర పెట్ట పొదుగు మీద ఉంది. అత్తమ్మ గరిటెతో పద్నాలుగు ఏరింది, చెయ్యి తగిలితే పెట్ట మళ్ళీ ఆ గుంటకి రాదని ఆమె నమ్మకం. మామూలు గుడ్లయితే ఇరవై ఒక్క రోజులు, వీటికి ఇరవై ఎనిమిది. ఆ చివరి వారం పెట్ట విసిగి లేచిపోతుందేమోనని అక్క నూకలు, నీళ్ళు దాని ముక్కు దగ్గరే పెట్టి కాపలా కాసింది. ఎనిమిది పిల్లలు లేచాయి, గోధుమ రంగు చారలతో. ఏడు బతికాయి.

అవి వాళ్ళ పెట్టనే అమ్మ అనుకున్నాయి కాబట్టి అక్కడే ఉండిపోయాయి. ఇప్పుడు రెండు వైపుల నుంచీ మోగుతాయి. సెలవులకి హాస్టల్ నుంచి వచ్చిన వాళ్ళబ్బాయి తెల్లవారుజామున దుప్పటి కప్పుకునే మా వాకిట్లోకి వచ్చి, "పిన్నీ, నువ్వన్నా చెప్పు మా అమ్మకి" అన్నాడు.