చుక్కల్లో తెలుగు

యంత్రాల హోరు నడుమ ఉద్యోగం చేసే మాకు నాట్యమైనా, గానమైనా సాయంకాలపు వ్యాసంగాలే. అటువంటి మమ్మల్ని, మన సంస్థ విభాగాల మధ్య జరిగే సాంస్కృతిక వినిమయ కార్యక్రమం కిందటి ఫాల్గుణంలో విశాఖ నుండి డెహ్రాడూన్ దాకా తీసుకువెళ్ళింది. తొమ్మిదిమందిమి వెళ్ళాము. ఇద్దరు నర్తకీమణులు, ఒక గాయకుడు, ముగ్గురు వాద్యకారులు. మిగిలినవారము సామాను మోయడానికి. తొలి రెండు రోజుల ప్రదర్శనలను గురించి, అక్కడివారి ఆదరణను గురించి చెప్పవలసినది చాలా ఉన్నది. అయినా మేము ఇక్కడ వ్రాయదలచినది మూడవనాటి ఉదయాన్ని గురించి.

ఆ ఉదయం ఆతిథేయులు మమ్మల్ని రాజ్‌పూర్ రోడ్డులోని దృష్టి దివ్యాంగుల జాతీయ సంస్థకు, ఆ ప్రాంగణంలోనే ఉన్న ఆదర్శ పాఠశాలకు తోడ్కొని వెళ్ళారు. పిల్లల ముందు ఒక అరగంట కార్యక్రమం ఇవ్వాలన్నారు. చూపులేని పిల్లలకు కూచిపూడి నాట్యాన్ని ఏవిధంగా అందించడం? పాట ఒక్కటి పాడి సెలవు తీసుకుందామని మాలో కొందరు గుసగుసలాడారు. సంగీతోపాధ్యాయులు, తామూ చూపులేనివారే, అది విన్నట్టున్నారు. "గజ్జెలు తెచ్చారు కదా, అవి చాలు" అని నవ్వారు.

తరంగం ఆడేటప్పుడు నర్తకి నిలబడే ఇత్తడి పళ్ళేన్ని ముందుగా పిల్లల చేతికిచ్చాము. వారు అంచు తడిమి చూశారు. "దీనిమీద నిలబడతారా? పాదాలు తెగవా?" అని ఒక బాలుడు అడిగాడు. నాట్యం మొదలైన తరువాత, నేలమీద పళ్ళెం జరిగే చప్పుడును బట్టి నర్తకి ఎటు కదిలితే అటు ముప్పై ముఖాలూ తిరిగాయి. విశాఖలో మా ప్రేక్షకులు ఇంత శ్రద్ధగా చూసిన జ్ఞాపకం లేదు.

ఆ ఊరికీ బ్రెయిలీ లిపికీ ఉన్న అనుబంధం పాతది. రెండవ ప్రపంచయుద్ధంలో కళ్ళు పోగొట్టుకున్న సైనికుల కోసం 1943లో అక్కడ ఒక శిక్షణాలయం వెలిసింది. 1951లో భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా భారతీ బ్రెయిలీ స్థిరపడింది. ఆ సంవత్సరమే దేశంలోని తొలి బ్రెయిలీ ముద్రణాలయం అక్కడ ఏర్పడింది. అంతకు ముందు ఒక్కొక్క ప్రాంతానిది ఒక్కొక్క పద్ధతి. భారతీ బ్రెయిలీలో చుక్కలు ధ్వనిని పట్టుకుంటాయి, అక్షరపు ఆకారాన్ని కాదు. తెలుగు 'క'కు, హిందీ 'క'కు, బెంగాలీ 'క'కు అవే రెండు చుక్కలు. మన గుడులు, కొమ్ములు, వత్తులు పైకీ కిందికీ పోవు. పలికిన వరుసలోనే పక్కపక్కన నడుస్తాయి.

ఇది వివరణగా విన్నప్పుడు తల ఊపి ఊరుకున్నాము. ఉపాధ్యాయులు ఊరుకోలేదు. బ్రెయిలీ యంత్రం ముందు కూర్చొని, "మీ భాషలో ఏదైనా చెప్పండి" అన్నారు. మేము చెప్పాము: "మాది విశాఖపట్నం. మా మాట తెలుగు. సముద్రంలో నీళ్ళు ఉప్పగా ఉంటాయి." తెలుగు ఒక్క ముక్క రాని ఆయన, విన్నది విన్నట్టు ఆరు మీటలమీద కొట్టారు. పక్క గదిలో ఉన్న పదేళ్ళ గఢ్వాలీ బాలికను పిలిచి కాగితం చేతికిచ్చారు. ఆమె చూపుడువేళ్ళు వరుసమీద నడిచాయి. "మాది విశాఖపట్నం. మా మాట తేలుగు..." హిందీలో హ్రస్వ ఎకారం లేదు కనుక అక్కడ దీర్ఘం వచ్చింది. 'నీళ్ళు' దగ్గర వేలు ఆగింది; ఆ 'ళ' హిందీ పాఠాల్లో ఆమెకు తగలలేదు. ఉపాధ్యాయులు పలికి వినిపించగానే అందుకొని వాక్యం పూర్తి చేసింది. హిమాలయాల పాదాల దగ్గర, అర్థం తెలియని నోట మా భాష అంత స్పష్టంగా వినిపించేసరికి మాకు నోట మాట రాలేదు. అర్థం హిందీలో చెప్పాము. ఆమె వెంటనే, "సముద్రం ఎంత గట్టిగా అరుస్తుంది?" అని అడిగింది. మాలో ఎవరమూ సరైన జవాబు చెప్పలేకపోయాము.

మా బృందంలో మృదంగం వాయించే మిత్రుని గురించి, ఆయన అనుమతితోనే, ఇక్కడ చెబుతున్నాము. ఆయన కుమార్తె ఆరవ తరగతి చదువుతున్నది. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే నేత్రవ్యాధి. మొదట రాత్రి చూపు మందగించింది, ఇప్పుడు పక్కచూపు తగ్గుతున్నది. వైద్యులు దాచకుండా చెప్పారు. చుట్టాలు మాత్రం చదువు మాన్పించమని సలహా ఇస్తున్నారు. ఆయన ప్రయాణమంతా ఆ మాట ఎత్తలేదు. ఆ బాలిక చదవడం విన్న తరువాత లేచి వెళ్ళి ఉపాధ్యాయుల పక్కన కూర్చున్నారు.

"మా అమ్మాయికి ఇంకా నల్లబల్ల కనిపిస్తున్నది. ఇప్పటినుండే ఇది నేర్పాలా?"

"ఇప్పుడే నేర్పండి. భయం లేకుండా నేర్చుకుంటుంది. తెలుగులోనే మొదలుపెట్టండి. రేపు హిందీకీ అవే చుక్కలు."

"ఫోను అన్నీ చదివి వినిపిస్తుంది కదా?"

"వినిపిస్తుంది. వత్తు ఎక్కడ పెట్టాలో వినిపించదు."

2016 నాటి చట్టం ప్రకారం, నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు. దగ్గరి పాఠశాలా, ప్రత్యేక పాఠశాలా అన్నది వారి ఇష్టం. ఈ సంగతి కూడా మాకు అక్కడే, ఆ ఉపాధ్యాయుల నోటనే, మొదటిసారి తెలిసింది. మన సంస్థలో సంక్షేమ విభాగం ఉన్నది, సూచనల పెట్టె ఉన్నది. ఇటువంటి కబురు మాత్రం ఆ దారిన రాదెందుకో!

మిత్రుడు ఒక బ్రెయిలీ పలక, స్టైలస్ కొనుక్కున్నారు. పలకమీద కుడినుండి ఎడమకు పొడుస్తూ పోవాలి. కాగితం తిప్పితే చుక్కలు ఉబ్బెత్తుగా ఎడమనుండి కుడికి చదువుకోవడానికి వస్తాయి. బరువు పడితే అవి అణగిపోతాయని ఉపాధ్యాయులు హెచ్చరించారు. అందుకని ఆ బాలిక చదివిన కాగితాన్ని ఇత్తడి పళ్ళెంలో పరచి, తిరుగు ప్రయాణమంతా ఒడిలోనే పెట్టుకున్నారు. ఆ పళ్ళెం మీద మమ్మల్ని టీ గ్లాసు కూడా పెట్టనివ్వలేదు. రాత్రి దీపాలు ఆర్పిన తరువాత కూడా పై బెర్తునుండి టక్కుటక్కున చప్పుడు వినిపిస్తూనే ఉన్నది. నాగపూర్ దాటేసరికి 'అమ్మ'లో వత్తుకు ముందు పెట్టవలసిన చుక్క ఆయన మరచిపోవడం మానేశారు.