లాగుతుంది, మరి మోస్తుందా?

నేను ఇంతవరకూ ఇల్లు కొనలేదు. బైక్ కూడా కొనలేదు. నా పేరు మీదున్న ఆస్తి ఒక లాప్‌టాప్, దాని ఈఎంఐ కూడా ఇంకా నాన్నే కడుతున్నారు. అలాంటి నేను పోయిన సెమిస్టర్‌లో మూడు నెలలు అమెరికాలో ఒక సెకండ్ హ్యాండ్ ఇల్లు వెతికే పనిలో ఉన్నాను. ఆ ఇంటికి చక్రాలుంటాయి.

తెలుగులో ఇంత పెద్దది రాయడం నాకు ఇదే మొదటిసారి. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే. ఒత్తులు తప్పితే క్లబ్ వాళ్లు దిద్దుతారని ధైర్యం.

మా బాబాయ్ టెక్సాస్‌లో ఉంటాడు. సోలార్ ప్లాంట్లలో ఎలక్ట్రికల్ పని. ఒక ప్లాంట్ అయిపోగానే ఇంకో ఊరు. డాలస్ దగ్గర సొంతిల్లు ఉంది కానీ అందులో మనుషుల్లేరు. పిన్ని పోయి మూడేళ్లయింది. చెల్లి ఆస్టిన్‌లో కాలేజీలో చేరి అక్కడే ఉంటోంది. ఖాళీ ఇంటికి లోన్ వాయిదాలు, పని దగ్గర గదికి అద్దె, రెండూ కడుతున్నాడు. ఒకరోజు రాత్రి నాకు ఫోన్ చేసి, "ఇల్లు అమ్మేసి పాత ఫిఫ్త్ వీల్ ఒకటి కొనుక్కుంటాన్రా. ఇక అందులోనే ఉంటా. నువ్వు కంప్యూటర్స్ కదా, ఒక ఎక్సెల్ షీట్ చేసిపెట్టు. నాన్నమ్మకి మాత్రం చెప్పకు" అన్నాడు.

నాన్నమ్మ ఉండేది నా పక్క గదిలోనే.

ఫిఫ్త్ వీల్ అంటే నాకూ అప్పటిదాకా తెలీదు. మామూలు ట్రెయిలర్‌ని బండి వెనక బంపర్ దగ్గర తగిలిస్తారు. దీని ముందు భాగం మాత్రం మెట్టులా పైకి లేచి, పికప్ ట్రక్కు వెనక తొట్టి మీదికి వస్తుంది. దాని కింద కింగ్‌పిన్ అనే లావుపాటి ఇనప కడ్డీ ఉంటుంది. అది తొట్టిలో బిగించిన హిచ్‌లో పడి లాక్ అవుతుంది. పేరేమో గుర్రబ్బళ్ల కాలం నాటిది. ముందు ఇరుసు పక్కలకి తిరగడానికి అడ్డంగా పడుకోబెట్టిన చక్రాన్ని ఐదో చక్రం అనేవాళ్లట. తొట్టి మీదికొచ్చే ఎత్తు భాగంలో ఎక్కువగా పడకగది ఉంటుంది. బండి ఆపాక బటన్ నొక్కితే గోడలో కొంత భాగం సొరుగులా బయటికి జరిగి హాలు వెడల్పవుతుంది. దాన్ని స్లయిడ్‌అవుట్ అంటారు. ఫొటోలు చూడగానే నాకే అందులో ఉండాలనిపించింది.

షీట్ తయారైంది. ధర, సంవత్సరం, పొడవు, స్లయిడ్‌అవుట్లు ఎన్ని, ట్యాంకులు ఎంత పెద్దవి (మంచినీళ్లకి, వాడిన నీళ్లకి, టాయిలెట్‌కి వేర్వేరు), కరెంటు కనెక్షన్ 30 ఆంప్సా 50 ఆంప్సా. టెక్సాస్ ఎండలో రెండు ఏసీలు నడవాలంటే 50 కావాలి. ప్రతిదానికీ మార్కులు, చివర్లో ర్యాంక్. మొదటి ర్యాంక్ బండి లోడుతో కలిపి 10,000 పౌండ్లు. బాబాయ్ ట్రక్కు 11,000 లాగుతుంది. సరిపోయింది అనుకున్నాను.

సరిపోలేదు. ఫిఫ్త్ వీల్ బరువులో సుమారు 20 నుంచి 25 శాతం నేరుగా ట్రక్కు వీపు మీద పడుతుంది. అంటే 2,000 పౌండ్లు పైనే. బాబాయ్ డ్రైవర్ డోర్ తీసి, డోర్ ఫ్రేమ్ మీదున్న స్టిక్కర్ ఫొటో పంపాడు. ట్రక్కు మొయ్యగలిగింది 1,700. అందులోనే హిచ్, మనిషి, సామాన్లు అన్నీ. "లాగుతుంది గానీ మొయ్యలేదురా" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు అదోలా ఉంది. ట్రక్కు గురించేనా అని అడగాలనిపించింది, అడగలేదు. తర్వాత ఆ ట్రక్కు ఇచ్చేసి, 3,900 పౌండ్లు మోసే పాత డీజిల్ ట్రక్కు తీసుకున్నాడు.

ఒక శనివారం రాత్రి, అంటే అక్కడ పొద్దున, బాబాయ్ వీడియో కాల్‌లో ఆ మొదటి ర్యాంక్ బండి లోపల తిరుగుతూ చూపిస్తున్నాడు. అమ్మేవాళ్లు పక్కనే ఉన్నారు. అడ్వాన్స్ ఇవ్వడమే ఆలస్యం. వెనకనుంచి నాన్నమ్మ గొంతు.

"ఎవరిల్లురా అది?"

"బాబాయ్ ఫ్రెండ్ ఎవరో అద్దెకి చూస్తున్నాడు నాన్నమ్మా."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని దగ్గరికొచ్చింది. "సోఫాలు కాదు, పైకప్పు మూలలు చూపించమను. ఏదైనా సెంటు వాసన ఎక్కువగా కొడుతోందేమో అడుగు. ఎండాకాలంలో అన్నీ మంచి ఇళ్లేరా. వానాకాలంలో చూస్తే తెలుస్తుంది."

బాబాయ్‌కి అటువైపు అంతా వినబడింది. ఒక్క క్షణం ఆగి, "అవును, రూమ్ ఫ్రెషనర్ వాసన బాగా వస్తోంది" అన్నాడు. స్లయిడ్‌అవుట్ పక్కన మూలలో కాలితో నొక్కాడు. నేల మెత్తగా కిందికి దిగింది. తర్వాత ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకుంటే తేమ మీటర్‌లో మిగతాది బయటపడింది. పైకప్పు అతుకుల దగ్గర సీలెంట్ పగిలితే నీళ్లు మెల్లగా లోపలికి దిగుతాయి. లోపల చెక్క కుళ్లుతుంది, బయట గోడ పొర ఉబ్బుతుంది. ఫొటోలో ఇదేమీ కనబడదు. నా షీట్‌లో ఉన్నవన్నీ అమ్మేవాళ్లు చెప్పిన మాటలే. వాటికి నేను మార్కులు వేసి, చూసినట్టు ఫీలయ్యాను. బాబాయ్ ఇల్లు అమ్మిన డబ్బులో పెద్ద ముక్క నా ర్యాంక్‌ని నమ్మి పోయేది.

ఇంకో నెలకి వేరేది దొరికింది. 2017 మోడల్, 32 అడుగులు. ఈసారి షీట్‌లో కొత్త కాలమ్స్: పైకప్పు, మూలలు, వాసన, టైరు వయసు. టైరు మీద చివరి నాలుగు అంకెలు 3217 అని ఉన్నాయి, అంటే 2017లో 32వ వారంలో తయారైంది. గాడులు కొత్తవాటిలా ఉన్నా, ఎండలో నిలబడిన రబ్బరు లోపల పాడవుతుంది. టైర్ల ఖర్చు తగ్గించి బేరం కుదిరింది. వాన పడ్డ మర్నాడు వెళ్లి చూసి మరీ కొన్నాడు.

అప్పుడు నాన్నమ్మకి చెప్పాం. ఏడుస్తుందనుకున్నాను. "ఫ్రెండ్ కాదని నాకా రోజే తెలుసు" అంది. తాతయ్యది బదిలీల ఉద్యోగం. పదకొండు అద్దె ఇళ్లు మారిందట. "ఇల్లు మారడం కష్టం కాదురా. సామాను సర్దేటప్పుడు పక్కన ఇంకో మనిషి ఉండేది. వాడికి పక్కనెవరుంటారు?"

ఆ కాలమ్ నా షీట్‌లో లేదు. బాబాయ్‌ని అడిగితే, పార్కులో పక్క సైట్‌లో ఒక రిటైరైన పెద్దాయన ఉన్నాడని, మొదటిరోజు నీళ్ల పైపు తగిలించడం ఆయనే చూపించాడని చెప్పాడు. నాన్నమ్మ సగమే నమ్మింది. రోజూ రాత్రి తొమ్మిదికి నా ఫోన్ తీసుకుని అతనితో మాట్లాడుతోంది.

ఇప్పుడు ఇంట్లో వేరే సమస్య. ఇలా తిరిగేవాళ్లకి ఉత్తరాలు అందుకుని పంపే సర్వీసులుంటాయి. బాబాయ్ అడ్రస్ ఇప్పుడు లివింగ్‌స్టన్ అనే ఊళ్లో ఉంది, బాబాయ్ మాత్రం అక్కడ ఉండడు. ఆవకాయ ఏ అడ్రస్‌కి పంపాలో తేల్చమని నాన్నమ్మ నన్ను కూర్చోబెట్టింది. షీట్ మళ్లీ తెరిచాను.