కవ్వం పేరు పెట్టుకున్న ఊరు

మా అత్తయ్యగారి భూగోళం కాశీలో మొదలై రామేశ్వరంలో ముగుస్తుంది. మధ్యలో అమెరికా అని ఒకటుందని ఒప్పుకున్నారు గానీ, అది కూడా మా మరిదిగారు అక్కడ ఉన్నారు గనక. అటువంటావిడ ఇవాళ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని, "ఏమమ్మాయ్, బిష్కెక్‌లో మంచు కురుస్తోందా ఇంకా?" అని అడుగుతున్నారంటే దానికో కథ ఉంది. తీరిక చేసుకుని వినండి. పప్పు కుక్కర్లో పెట్టొచ్చినా సరే.

మా చిన్నమ్మాయి చిట్టికి పుట్టినప్పటి నుంచీ డాక్టరీ పిచ్చి. బొమ్మలకి ఇంజెక్షన్లు, మా అత్తయ్యగారికి రోజుకు పదిసార్లు నాడి చూడడం. కానీ 2022 లో నీట్ పరీక్ష రాసినవాళ్ళు 17 లక్షల పైచిలుకు. అంతమందిలో మా చిట్టికొచ్చిన ర్యాంకు చెబితే మా వీధి పిన్‌కోడేమో అనుకుంటారు. ప్రభుత్వ సీటు రాలేదు. ప్రైవేటు కాలేజీలో యాజమాన్య కోటా అంటే, బ్యాంకులో ముప్ఫయ్యేళ్ళు ఇతరుల డబ్బు లెక్కపెట్టిన మావారికే తల తిరిగింది.

"బీఎస్సీ చదువుకో తల్లీ" అన్నారు ఆయన. చిట్టి మూడు రోజులు అన్నం ముందు కూర్చుంది, తినలేదు. నాలుగో రోజు మేం ముగ్గురం మాదాపూర్ బయలుదేరాం.

మాకు కొండాపూర్‌లో ఫ్లాటు. పెద్దవాడు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. మేం ఇక్కడికొచ్చిన కొత్తలో, 1998 లో కట్టిన సైబర్ టవర్స్ ఒక్కటే ఎత్తుగా కనబడేది, చుట్టూ బండరాళ్ళ గుట్టలు. ఇప్పుడు గుట్టలు వెతుక్కోవాలి. ఆ అద్దాల భవనాల్లోనే ఒకదాని ఏడో అంతస్తులో, అమెరికా ప్రోగ్రాములు రాసే కంపెనీకీ ఫిజియోథెరపీ క్లినిక్కుకీ మధ్యన ఉంది ఆ కన్సల్టెన్సీ. గోడనిండా దేశాల జెండాలు. టై కట్టుకున్న కుర్రాడు మమ్మల్ని కూర్చోబెట్టి, "ఆంటీ, కిర్గిజ్‌స్తాన్ బెస్టు. ఆరేళ్ళకీ కలిపి ముప్ఫై లక్షల లోపు. ఢిల్లీ నుంచి నాలుగ్గంటల ప్రయాణం. హాస్టల్లో ఆంధ్రా మెస్సు" అన్నాడు. ఆంధ్రా మెస్సు దగ్గర నేను పడిపోయాను. ఇప్పుడొప్పుకుంటున్నాను, ఆ దేశం గురించి నేను వేసిన ఒకే ఒక్క ప్రశ్న "గోంగూర దొరుకుతుందా బాబూ?" అని.

పిల్లని పంపేశాక తీరిగ్గా అట్లాసు తీశాను. పిల్లనిచ్చాక కుర్రాడి గుణగణాలు కనుక్కున్నట్టు.

చూద్దును కదా, నాలుగు పక్కలా దేశాలే. పైన కజకిస్తాన్, పడమట ఉజ్బెకిస్తాన్, కింద తజికిస్తాన్, తూర్పున చైనా. సముద్రమన్న ఊసే లేదు. విస్తీర్ణం ఇంచుమించు రెండు లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణకి రెండింతలకు కాస్త తక్కువ. జనమేమో మొత్తం దేశానికి 70 లక్షల చిల్లర, మన హైదరాబాదు నగరమంత కూడా కాదు. ఎందుకయ్యా అంటే, నూటికి తొంభై పాళ్ళకు పైగా కొండలే. త్యాన్‌షాన్ పర్వతాలు, అంటే స్వర్గపు కొండలని అర్థంట. అన్నిటికన్నా ఎత్తైన శిఖరం 7,439 మీటర్లు.

"అమ్మా, ఈ కొండల్ని లేపింది మనమే తెలుసా?" అంది చిట్టి ఒకనాడు ఫోన్లో. మన దేశం ఉన్న రాతి పలక ఉత్తరానికి జరిగి జరిగి ఆసియాని ఢీకొంటే హిమాలయాలు లేచాయి కదా, ఆ తోపుడు అక్కడితో ఆగక, ఎక్కడో వెనకనున్న ఈ త్యాన్‌షాన్‌ని కూడా పైకి లేపిందట. ఇంకా తోస్తూనే ఉందట, అందుకే అక్కడ భూకంపాలు. సినిమా హాలు క్యూలో వెనకాల తోస్తే ముందున్నావిడ మీద పడ్డట్టు. మనం తోసి లేపిన కొండల మధ్యకే మన పిల్లల్నీ తోశామన్నమాట, అనుకున్నాను. పైకి అనలేదు.

ఇక ఊరి పేరు సంగతి. బిష్కెక్ అంటే కవ్వంట! వాళ్ళు ఆడగుర్రం పాలు పులియబెట్టి కుమీస్ అని తాగుతారు. ఆ పాలు చిలికే కర్ర కవ్వానికి ఆ పేరు. అదే ఊరికొచ్చిందని చెబుతారు. 1926 లో సోవియట్ వాళ్ళు తమ సేనాని పేరిట ఫ్రూంజే అని మార్చారు. 1991 ఆగస్టు 31 న స్వతంత్ర దేశమయ్యేనాటికి మళ్ళీ కవ్వమే గెలిచింది. అయినా విమానం బ్యాగులకి అంటించే చీటీ మీద ఆ తరవాత కూడా ఏళ్ళ తరబడి ఎఫ్, ఆర్, యు అనే మూడక్షరాలే ఉండేవి. అత్తింటి పేరు వదిలేసినా రేషను కార్డులో అదే మిగిలిపోయినట్టు.

"గుర్రం పాలా! రామ రామ! ఆ చేత్తో పిల్ల నా నాడి పట్టుకుంటుందా?" అన్నారు అత్తయ్యగారు. కవ్వం సంగతి చెప్పాక మాత్రం కాస్త మెత్తబడ్డారు. "పోన్లే, చిలుక్కోవడం తెలిసినవాళ్ళే" అని.

ఆ దేశం నాకు కొత్త కాదని తెలిసింది ఆ తరవాత. మా నాన్నగారు విశాలాంధ్రలో పుస్తకాలు కొనేవారు. మాస్కోలో అచ్చయి వచ్చేవి, అట్ట గట్టిగా, ధర తక్కువ. వాటిలో 'జమీల్యా' అని చిన్న నవల. మొగుడు యుద్ధానికి వెళ్ళాడు, కోడలు పిల్ల బళ్ళమీద ధాన్యం తోలుతూ, యుద్ధంలో గాయపడి వచ్చిన పాటగాడితో వెళ్ళిపోతుంది. మా అమ్మ చూస్తే చీపురు తిరగేసేది. అటక మీద కూర్చుని చదివాను. రష్యా కథ అనుకున్నాను అన్నేళ్ళూ. రాసిన చింగీజ్ ఐత్మాతోవ్ కిర్గిజ్ వాడని, ఆ కొండలు ఈ కొండలేనని మా చిట్టి చెబితే తెలిసింది.

ఆయన తండ్రిని 1938 లో స్టాలిన్ ప్రభుత్వం కాల్చి చంపింది. ఎక్కడ పూడ్చారో ఇంట్లోవాళ్ళకి తెలీదు. బిష్కెక్ దగ్గర కొండ పక్కన పాత ఇటుకబట్టీలో వందకు పైగా శవాలు పడేశారు. అక్కడి కాపలాదారు ఆ సంగతి కూతురికి చెప్పి, మంచి రోజులు వచ్చేదాకా నోరు విప్పకు అన్నాడట. ఆవిడ దశాబ్దాల తరబడి కడుపులో దాచుకుని, 1991 లో బయటపెట్టింది. తవ్వితే ఐత్మాతోవ్ తండ్రి ఎముకలు కూడా దొరికాయి. ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదంటారు చూశారూ, ఆ మాట అనేవాళ్ళు దొరికితే ఈ కథ చెప్పండి.

కొండల దేశానికి సంపాదన ఏముంటుంది? కుమ్తోర్ అని బంగారు గని ఒకటి. గొర్రెలు, గుర్రాలు. దోర్దోయ్ అని ఓడల్లో సరుకు పంపే ఇనప పెట్టెల్నే ఒకదాని మీద ఒకటి పేర్చి దుకాణాలు చేసిన పెద్ద బజారు, పై పెట్టె గోదాము, కింది పెట్టె కొట్టు. అన్నిటినీ మించి రష్యా వెళ్ళిన పిల్లలు పంపే డబ్బు. పల్లెల్లో తాతమ్మలూ మనవలూ మిగిలారట. మా గోదావరి జిల్లా పల్లెలు గుర్తుకొచ్చాయి, అక్కడా అంతే కదా, మనవలు కూడా లేరు. వాళ్ళ పిల్లలు మాస్కోకి, మన పిల్లలు వాళ్ళ ఊరికి. మన పిల్లలు కట్టే ఫీజు కూడా వాళ్ళకి ఓ ఆదాయమే. వాళ్ళ డబ్బు సోము, మన రూపాయికి ఇంచుమించు సమానం. లెక్కల్లో బలహీనురాలిని, నాకిది చాలా నచ్చింది.

చిట్టికి నచ్చింది వేరు. అక్కడ పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవరట. అక్క వరసైతే ఎజె, అన్న వరసైతే బయికె, అమ్మ వరసైతే అపా. మన పాతబస్తీలో అక్కని ఆపా అనరూ? రోడ్డు మీద కూరలమ్మే ఆవిడనైనా వరస పెట్టి పిలవాల్సిందే.

ఇంతవరకూ నవ్వుతూ రాశాను. ఇక 2024 మే నెల.

కొద్దిరోజుల ముందు స్థానికులకీ విదేశీ విద్యార్థులకీ కొట్లాట జరిగిందట. దాని వీడియో ఊరంతా పాకి, మే 17 రాత్రి గుంపులు విదేశీ విద్యార్థుల హాస్టళ్ళ మీద పడ్డాయి. అప్పటికి ఆ దేశంలో మన భారతీయ పిల్లలు పద్నాలుగు వేలకు పైన. అక్కడి గడియారం మనకన్నా అరగంట ముందు. చిట్టి ఫోన్ చేసింది. గుసగుసగా మాట్లాడింది. "అమ్మా, మేం తొమ్మిదిమందిమి ఒక గదిలో ఉన్నాం. లైట్లు తీసేశాం, మంచాలు తలుపుకి అడ్డం పెట్టాం. నువ్వు ఫోన్ పెట్టెయ్, చార్జింగ్ అయిపోతుంది."

పెట్టేశాను. బిడ్డ ప్రాణం మీద ఉంటే ఫోన్ పెట్టేసిన తల్లిని. తెల్లవార్లూ మావారు హాల్లో, నేను వంటింట్లో. అత్తయ్యగారు విష్ణుసహస్రనామం మూడుసార్లు చదివారు. మా కిటికీలోంచి చూస్తే ఆఫీసులన్నీ దీపాలతో వెలుగుతున్నాయి, అమెరికాకి పగలు కదా. అంత వెలుగులో ఒక్క మనిషిని కూడా అడగడానికి లేదు నా పిల్ల ఎలా ఉందని. కన్సల్టెన్సీ కుర్రాడి ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తలేదు.

మర్నాడు మన ఎంబసీ వాళ్ళు పిల్లల్ని బయటకు రావద్దన్నారని టీవీలో చెప్పారు. పదిన్నరకి చిట్టి మాట్లాడింది. వాళ్ళ వీధికి గుంపు రాలేదు. వాళ్ళ హాస్టల్లో గదులు తుడిచే ముసలావిడ ఒకావిడ ఉంది. రాత్రంతా మెట్ల మొదట్లో స్టూలేసుకుని కూర్చుందట. వాళ్ళొచ్చి ఉంటే అరవయ్యేళ్ళ మనిషి ఏం చేసేది? ఏమీ చేయలేకపోయేదేమో. కానీ ఇంటికి పోకుండా కూర్చుంది. పొద్దున్నే రొట్టెలు పట్టుకొచ్చి తలుపు కొట్టి, "అపా, అపా" అందట. నేను, అమ్మని, భయపడకండి అని.

జూన్‌లో చిట్టి ఇంటికొచ్చింది. ఇక పంపకూడదనుకున్నాం. బంధువులందరూ తలో సలహా చెప్పారు. అప్పుడు తెలిసింది అసలు చిక్కు. 2021 నాటి నిబంధనల ప్రకారం, 54 నెలలకి తక్కువ కాని చదువూ, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్పూ ఒకే విదేశీ కాలేజీలో పూర్తి చేయాలి. మధ్యలో ఇక్కడి కాలేజీకి మారడానికి లేదు. మానేస్తే రెండేళ్ళు నీళ్ళపాలు. పూర్తి చేసి వచ్చినా, ఇక్కడ మళ్ళీ అర్హత పరీక్ష రాయాలి. 300 కి 150 రావాలి. రాసినవాళ్ళలో తప్పేవాళ్ళే ఎక్కువ. ఇవన్నీ జెండాల గదిలో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు, నేను గోంగూర దగ్గరే ఆగిపోయాను కదా.

"ఉండిపో చిట్టీ, ఇంట్లో అందరం ఉన్నాం" అన్నారు మావారు. ఆయన గొంతు అలా వినడం నాకదే మొదటిసారి. అది తల వంచుకుని, "నాన్నా, అప్పు మీరు కడుతున్నారు, భయం నేను పడతాను. కానీ మానను" అంది. అందరూ నా మొహం చూశారు. పంపమని నేను అనలేదు. వద్దనీ అనలేదు. ఆవకాయ ప్యాకెట్లు కట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. శంషాబాదు దారిలో ట్రాఫిక్‌లో కారాగితే, ఈ విమానం తప్పిపోతే బాగుండునని మొక్కుకున్నాను కూడా. తప్పలేదు.

ఇప్పుడు నాలుగో ఏడు చదువుతోంది.

కిందటేడు, 2025 లో, మనకి ఉగాది మార్చి 30 న. వాళ్ళ కొత్త సంవత్సరం నోరూజ్ మార్చి 21 నే వచ్చింది. దానికి సుమోలోక్ అని ఒక వంట. మొలకెత్తిన గోధుమల్ని రుబ్బి, నూనె, పిండి, నీళ్ళు పోసి పెద్ద గుండిగలో రాత్రంతా ఉడకబెడతారు. పంచదార వెయ్యరు, మొలకల తీపే. ఆడవాళ్ళు వంతులవారీగా తెడ్డు తిప్పుతూ, పాటలు పాడుతూ మేలుకుంటారు. అడుగంటకుండా గుండిగలో గులకరాళ్ళు వేస్తారట! నాకీ చిట్కా ముందే తెలిసుంటే ఎన్ని పాయసాలు దక్కేవో. వడ్డనలో ఎవరి గిన్నెలో రాయి పడితే వాళ్ళ కోరిక తీరుతుందట. స్టూలేసుకుని కూర్చున్న ఆ ముసలావిడ చిట్టికి ఒక వంతు తెడ్డు ఇచ్చింది. చిట్టి గిన్నెలో రాయి పడింది. ఏం కోరుకున్నావే అంటే చెప్పదు.

సెలవులకి వచ్చినప్పుడు ఆ రాయి తెచ్చి నా చేతిలో పెట్టింది. నున్నగా, నల్లగా, చింతగింజకన్నా కాస్త పెద్దది. నేను పోపుల పెట్టె పక్కన పెట్టాను. సాయంత్రానికి లేదు. వెతగ్గా వెతగ్గా పూజ గదిలో కనబడింది, తులసిదళంతో సహా.

"అత్తయ్యా, అది సాలగ్రామం కాదు. వాళ్ళ పాయసంలో రాయి" అన్నాను.

"నాకు తెలుసులేవే. అడుగంటకుండా చూసేదే గదా" అని ఆవిడ దాని మీద ఇంకో పువ్వు పెట్టి, "వాళ్ళకి మనకన్నా అరగంట ముందే తెల్లారుతుందన్నావుగా, పిల్ల లేచుంటుంది, ఫోన్ చెయ్యి" అన్నారు.