ఏడు కిలోల కాశీ యాత్ర

మామయ్య పోయినప్పటి నుంచి అత్తమ్మకు ఒకటే కోరిక, కాశీ. అన్ని గంటలు రైల్లో కూర్చుంటే ఆమెకు నడుము పట్టేస్తుంది. మా ఆయనకు పటాన్‌చెరు కంపెనీలో వచ్చిన బోనస్సులోనే ముగ్గురికీ విమానం, బస సర్దుకోవాలి.

మన దేశంలో తిరిగే విమానాల్లో చేతి బ్యాగు మామూలుగా మనిషికి ఒక్కటే, 7 కిలోలు. చెక్-ఇన్ సామాను లేనివాళ్లకు టికెట్టు తక్కువకు ఇవ్వడానికి విమాన సంస్థలకు 2021లో అనుమతి వచ్చింది. శంషాబాద్ నుంచి మేం అలాంటి టికెట్లే తీసుకున్నాం.

కిరాణా కొట్టు కాటా మీద మూడు బ్యాగులూ తూయించాను. స్వెట్టర్లు, శాలువాలు ఒంటిమీదే. మందులు, డాక్టరు చీటీ పై జేబులో. కుడుకలు మాత్రం చేతి బ్యాగులోనూ, లగేజీలోనూ పెట్టనివ్వరు. నూనె ఎక్కువ, నిప్పంటుకుంటుందని. అత్తమ్మ వాటిని తీసి పక్కన పెడుతూ, "కాశీకి పోతే ఇష్టమైంది ఇడిసిపెట్టాలె గద బిడ్డా, ఇంటికాడ్నే మొదలైంది" అని నవ్వింది.

మానససరోవర ఘాట్ దగ్గరి ఆంధ్ర ఆశ్రమంలో ముందే అడిగి గది తీసుకున్నాం. బస చూసుకునేటప్పుడు అద్దె ఒక్కటే అడగకండి. గంగ ఎంత దూరం, మెట్లు ఎన్ని, మన భోజనం దొరుకుతుందా అనీ అడగండి. చవకని దూరంగా దిగితే మిగిలిందంతా ఆటోలకే.

ఆ ఇరుకు గల్లీల్లోకి ఆటోలు రావు. పెద్ద సూట్‌కేసులతో ఆగి ఆయాసపడుతున్నవాళ్లను దాటుకుంటూ, అత్తమ్మ తన 4 కిలోల బ్యాగు తానే పట్టుకుని నడిచింది. కొడుకు అందుకోబోతే ఇవ్వలేదు. గంగలో మునిగినంత తృప్తి ఆమెకు అందులోనూ కనిపించింది.