రసీదు

ఎండాకాలం, ఒక మంగళవారం పొద్దున. నాచారం నుంచి ఉప్పల్‌కి నాయినను బండి మీద తీసుకెళ్తున్నాను. వారం కిందటే ఆయన కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకున్నాడు గానీ హెల్మెట్ వద్దన్నాడు. "కన్ను గుంజుతది బిడ్డా." నేనూ గట్టిగా చెప్పలేదు. పది గంటలకు డాక్టర్ దగ్గర ఉండాలి. హబ్సిగూడ చౌరస్తా దాటి, మెట్రో పిల్లర్ల వెంట కొంచెం దూరం వచ్చామో లేదో ఒక కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆపాను. లైసెన్స్ చూపిద్దామని ఫోన్ తీస్తున్నాను, ఆలోపే ఆయన చెయ్యి హ్యాండిల్ దగ్గరికొచ్చి తాళం చెవి లాగేసింది. పక్కనున్నాయన నంబర్ ప్లేట్ చూసి మెషీన్‌లో కొట్టాడు. "నాలుగు పెండింగున్నయి. కట్టి తీస్కపో."

నేను సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తాను. ఏదైనా సరిగ్గా నడవకపోతే ముందు డాక్యుమెంటేషన్ తెరిచే జబ్బుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని కూడా అట్లాగే చదివాను. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్స్ చూపించాలంటుంది 130వ సెక్షన్. 2018లో 139వ నిబంధనను సవరించాక, అది డిజీలాకర్‌లో చూపించినా చాలు. బండిని ఆపేసి ఉంచుకునే అధికారం 207లో ఉంది. రిజిస్ట్రేషన్ లేకపోతే, లైసెన్స్ లేకపోతే, పర్మిట్ లేకపోతే. పాత చలాన్లు బాకీ ఉండటం ఆ సెక్షన్‌లో లేదు. తాళం చెవి అనే మాట ఈ సెక్షన్లలో నాకెక్కడా కనబడలేదు.

ఇదంతా అక్కడే, రోడ్డు మీదే అప్పజెప్పాను. మధ్యలో గొంతు పెరిగింది కూడా. కానిస్టేబుల్ ఓపిగ్గానే విన్నాడు. "సార్, మీరు చదువుకున్నోళ్ళు. మీరే కట్టకపోతే ఎట్ల?" అన్నాడు.

నేనడిగింది తాళం చెవి గురించి. ఆయన చెప్పింది చలాన్ల గురించి. కానీ ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ నాలుగూ నిజంగా నావే. రెండు హెల్మెట్‌వి. ఒకటి స్టాప్ లైన్ దాటినందుకు. ఇంకొకటి, యూటర్న్ దూరమని బద్ధకించి రాంగ్ రూట్లో వచ్చినందుకు. డబ్బుల్లేక కాదు కట్టనిది. 2022 మార్చిలో టూవీలర్ చలాన్ల మీద 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరులో 80 శాతం. దాంతో నాలాంటివాళ్ళం చలాన్లను కూడా ఆషాఢం సేల్ లాగా చూడటం నేర్చుకున్నాం. ఆగితే ఇంకో ఆఫర్ వస్తుంది కదా అని.

పక్కన ఫుడ్ డెలివరీ చేసే పిల్లవాడొకడి తాళం కూడా తీసుకున్నారు. అతను ఏమీ మాట్లాడలేదు. ఫోన్లో ఎవరితోనో డబ్బులు వేయించుకుని, కట్టి, వెళ్ళిపోయాడు. నేను మాత్రం 207 దగ్గరే ఉన్నాను. పావుగంట దాటింది.

అప్పుడు నాయిన బండి దిగాడు. నల్లద్దాలతో, ఎండలో, రెండు చేతులూ జోడించాడు. "సార్, కన్ను ఆపరేషనైంది. పది గంటలకు డాక్టర్ రమ్మన్నడు. పిల్లగాడు, తెల్వక మాట్లాడిండు." నాకు ముప్ఫై నాలుగేళ్ళు. తాళం చెవి వెంటనే నా చేతికొచ్చింది. "జల్ది పోండ్రి, పెద్దమనిషికి ఎండ తగుల్తుంది" అని కూడా అన్నాడు కానిస్టేబుల్, నిజంగానే మెత్తగా.

ఉప్పల్ దాకా నేను మాట్లాడలేదు. సిగ్గు, కోపం. కోపం పోలీసు మీద కాదు, నాయిన మీద. ఆ చేతులు ఎందుకు జోడించాలి? నేను చెప్పింది తప్పు కాదు కదా?

ఆ సాయంత్రం అడిగేశాను. నాయిన ఏమీ అనకుండా బీరువాలోంచి తన ప్లాస్టిక్ కవర్ తెచ్చాడు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియా నుంచి ఇరవై ఏళ్ళు డీసీఎం నడిపాడాయన. లైసెన్స్, పర్మిట్ జిరాక్సులు, పొల్యూషన్ కాగితం అన్నీ ఆ కవర్‌లోనే ఉండేవి. అడుగు నుంచి ఒక పసుపుపచ్చ కాగితం తీశాడు. ఇంకు దాదాపు పోయింది. ఒక సంతకం, ఒక సగం ముద్ర.

నేను ఐదో క్లాసులో ఉన్నప్పటి సంగతట. నో ఎంట్రీ టైంలో వచ్చాడని లైసెన్స్ గుంజుకున్నారు. తప్పు తనదే. మిగతా డ్రైవర్లు మామూలుగా ఇచ్చేది ఇచ్చి వెళ్ళిపోయారు. ఈయన మాత్రం రసీదు అడిగాడు. లైసెన్స్ తీసుకుంటే కాగితం ఇయ్యాలని ఒక ముసలి డ్రైవర్ చెప్పాడట. చట్టంలో అది 206వ సెక్షన్. లైసెన్స్ స్వాధీనం చేసుకున్న అధికారి తాత్కాలిక రసీదు ఇవ్వాలి. లైసెన్స్ తిరిగొచ్చేదాకా దాంతో బండి నడుపుకోవచ్చు. నేను ఫోన్లో వెతికి చదివినదాన్ని ఆయన పాతికేళ్ళ కిందట రోడ్డు మీద అడిగాడు.

"ఇచ్చిండ్రా?"

"ఇచ్చిండ్రు. పొద్దుగూకింది. లోడ్ లేటైందని సేటు ఆ దినం కూలి కోసిండు. అటెన్క నెలరోజులు అక్కడ్నే నా బండొక్కటే ఆపిండ్రు. గెలిచిన బిడ్డా. మళ్ళ అడగలే."

రావిశాస్త్రి వృత్తిరీత్యా వకీలు. మద్యనిషేధం కాలంలో పోలీసులు, కోర్టుల మధ్య నలిగిన బీదవాళ్ళ మీద ఆయన రాసిన 'ఆరు సారా కథలు' గురించి నేనోసారి పెద్ద వ్యాసమే రాశాను. చట్టం బలహీనుడికి ఎట్లా అర్థమవుతుందో ఆ వ్యాసంలో తెగ వివరించాను. నా ఇంట్లో, ఒక ప్లాస్టిక్ కవర్ అడుగున అదే ఉందని నాకు తెలీదు.

అయినా నాయినతో పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను. ఆ పొద్దున తాళం మాకు తిరిగొచ్చింది హక్కుగా కాదు, దయగా. కన్ను ఆపరేషన్ ఉంది కాబట్టి వచ్చింది. ఆ డెలివరీ పిల్లవాడికి చూపించడానికి నల్లద్దాలు లేవు. దయ మీద నడిచే రోడ్డు మీద, ఆ రోజు ఆ మనిషి మనసెట్లా ఉందన్నదే చట్టం. తాగి బండి నడిపిన కేసుల్లో సైతం బండిని ఊరికే పట్టి ఉంచుకోవద్దనీ, మత్తులో లేని, లైసెన్సున్న మనిషి వెంట ఉంటే వాళ్ళకో, పిలిస్తే వచ్చే బంధువుకో ఇవ్వాలనీ 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు చెప్పింది. ఎవరో ఒకరు పనులు మానుకుని కోర్టు దాకా వెళ్ళి అడిగితేనే ఆ మాట వచ్చింది.

కానీ అడిగేవాడు ఎవరి టైం ఖర్చు పెడుతున్నాడో చూసుకోవాలి. నాయిన ఆ రోజు తన కూలి పోగొట్టుకుని అడిగాడు. నేను ఆయన కన్నును ఎండలో నిలబెట్టి అడిగాను. అదీ, కట్టాల్సిన చలాన్లు నాలుగు దగ్గర పెట్టుకుని.

ఆ రాత్రే నాలుగూ కట్టేశాను, డిస్కౌంట్ లేకుండా. ఇంకోసారి తాళం లాగితే మళ్ళీ అడుగుతాను, ఈసారి బాకీ లేకుండా, వెనక నాయిన లేనప్పుడు.

పడుకునే ముందు అడిగాను, ఆ కాగితం ఇంకా ఎందుకు దాచావని. డ్రైవింగ్ మానేసి చాలా ఏళ్ళయింది, లైసెన్స్ గడువూ దాటిపోయింది.

"ఒక దినం కూలి పోయింది దానికి," అన్నాడు నాయిన. మళ్ళీ జాగ్రత్తగా మడిచి కవర్లో పెట్టాడు.