మాగాయ ఊట

ప్రాక్టీసు పెట్టిన కొత్తలో, ఓ మే నెల సాయంత్రం పది నెలల మనవరాలిని భుజాన వేసుకుని ఓ అమ్మమ్మ వచ్చింది. రెండు రోజుల కిందట విరేచనాలని తెస్తే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రాసి పంపింది నేనే. పిల్ల కీచుగొంతుతో ఏడుస్తోంది. గ్లాసు కనపడితే చాలు, మీద పడి లాక్కుంటోంది. ఒంట్లో నీళ్లు పోయిన పిల్లలకు పొట్ట మీద చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలబడుతుంది. ఈ పిల్లకు అలా లేదు. నానిన పూరీపిండి ముద్దలా మెత్తగా తగిలింది.

"ప్యాకెట్ ఎన్ని నీళ్లలో కలిపావమ్మా?"

"గ్లాసుడు నీళ్లలో నాయనా. పలచనైతే పని చెయ్యదని చిక్కగానే కలిపా."

ప్యాకెట్ లీటరు నీళ్లకు. ఆవిడ గ్లాసు 200 మిల్లీలీటర్లు. రక్తంలో సోడియం 145 దాటకూడదు, పిల్లకు 168 వచ్చింది. చీటీ మీద మందు పేరు రాశాను గాని, ఎన్ని నీళ్లలో కలపాలో నోటితో చెప్పలేదు. ఆవిడనేం అంటాను?

రాత్రి వార్డులో ఆవిడే అడిగింది, ఉప్పెక్కువైతే ఏమవుద్దని. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టించి మూడు రోజులు జాడీలో ఉంచితే ఏమవుతుందన్నాను. "ఊట దిగుద్ది." ఆ ఊట ముక్కల్లోని నీరే. కణం చుట్టూ ఉన్న పొర నీళ్లను దాటనిస్తుంది, ఉప్పును అంత తేలిగ్గా దాటనివ్వదు. బయట ఉప్పు పెరిగితే కణంలోని నీళ్లు బయటికొస్తాయి. ద్రవాభిసరణ అని పుస్తకంలో చదివి, బంగాళాదుంప బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని. ఆ పదం పక్కన ఓ పిల్ల ఏడుపు ఉంటుందనుకోలేదు.

"ఐతే నీళ్లు గబగబా ఎక్కించెయ్యి నాయనా!"

అక్కడే ఉంది చిక్కు. చుట్టూ ఉప్పు పెరిగినప్పుడు మెదడు కణాలు ఊరుకోవు. లోపల కొన్ని పదార్థాలు పోగేసుకుని ఉన్న నీళ్లను పట్టి ఉంచుకుంటాయి. రక్తాన్ని ఒక్కసారిగా పలచన చేస్తే నీళ్లు వాటిలోకి ఉరికి మెదడు వాస్తుంది, ఫిట్స్ వస్తాయి. రోజుకు పది పాయింట్లు మించకుండా దించాలి. రెండు రాత్రులు నిద్ర లేదు, నాకూ ఆవిడకూ.

అదే ప్యాకెట్ సరైన కొలతలో వేరే సంగతి. పేగు గోడ కణాల్లో ఒక ద్వారం ఉంది: సోడియం, గ్లూకోజ్ జతగా వస్తేనే లోపలికి రానిస్తుంది, వాటి వెంట నీళ్లూ వస్తాయి. 1960లో శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ చెప్పిన సంగతి ఇది. కలరాలో కూడా ఆ ద్వారం మూతపడదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బెంగాల్ సరిహద్దు ఊరు బనగావ్‌లో సెలైన్ అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లోంచి తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న కలరా మరణాలు నాలుగుకు లోపు దిగాయి. ఆయన కొలత తప్పనివ్వలేదు, నేను కొలతే చెప్పలేదు. 2002 నుంచి ప్యాకెట్ మిశ్రమాన్ని ఇంకా పలచన చేశారు: లీటరుకు మొత్తం గాఢత 311 నుంచి 245కి. రక్తానిది దాదాపు 290. పేగులో ఉన్నది రక్తం కన్నా పలచగా ఉంటే నీళ్లు రక్తంలోకి ఇంకా తేలిగ్గా వస్తాయి.

మూడో రోజు పొద్దున పిల్ల గొంతు మామూలైంది. గ్లాసు చూపిస్తే ముఖం తిప్పుకుంది.

అప్పట్నుంచీ నా బల్ల మీద లీటరు సీసా ఒకటి ఉంటుంది. ఇంట్లో కలిపే గిన్నె తెమ్మంటాను. మొన్న ఒకావిడ తెచ్చిన "లీటరు చెంబు" కొలిస్తే 700 పట్టింది.